అచ్చియ్యమ్మ పొయ్యిలో నిప్పు

మా వీధిలో పొద్దున్నే మొదట తెరుచుకునే తలుపు అచ్చియ్యమ్మది. కోడి కూసిందా లేదా అన్నది తర్వాతి సంగతి, ఆవిడ దగ్గు వినపడిందంటే తెల్లారినట్టే. లేచి పొయ్యి దగ్గర కూర్చుని, రాత్రి కప్పెట్టిన బూడిదను పుల్లతో పక్కకు తీసేది. లోపల పిడక ఎర్రగా ఉండేది. కాస్త ఊక చల్లి, గొట్టంతో ఊది, ఆ నిప్పుతో ముందు తన చుట్ట ముట్టించుకునేది. మా వైపు ఆడవాళ్లలో చాలామందిలాగే ఆవిడదీ అడ్డపొగ, అంటే కాలే కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, నవ్వేది, తిట్టేది కూడా.

ఆ తర్వాత ఒక్కొక్కరం వెళ్లేవాళ్లం. ఒకరి చేతిలో కుండపెంకు, ఒకరి చేతిలో కొబ్బరిపీచు. నిప్పు అడిగి తెచ్చుకోవడమేమిటని మా మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. చోడవరంలో మా వీధి ఇళ్లన్నీ తాటాకు కొంపలు. రాత్రంతా నిప్పు నిలపాలంటే పిడకలు కావాలి, ఓపిక కావాలి, కప్పుకు అంటుకోకుండా కాపు కాయాలి. పొద్దల్లా చెరకు తోటల్లో ఆకు కట్టి వచ్చి ఒళ్లెరక్కుండా పడుకునేవాళ్లకు అవెక్కడివి? అందుకని వీధికంతా ఆ పొయ్యే.

పాతరోజులు బంగారం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లెవరూ ముసురు రోజున పొయ్యి ఊదినవాళ్లు కారు. కళ్లు వాచిపోయేవి, చీరంతా పొగ కంపు. నిప్పు కోసం వెళ్లినప్పుడల్లా అచ్చియ్యమ్మ చేత నాలుగు మాటలు పడాలి. "నిన్న ఇచ్చిన నిప్పేటి సేసేవే, నమిలీసేవా?" అనేది. దీపాలు పెట్టాక వెళ్తే అసలు ఇచ్చేది కాదు. లక్ష్మిని గుమ్మం దాటిస్తారటే అని గసిరేది. అయినా ఆవిడ దగ్గరికే వెళ్లేవాళ్లం. వెళ్లామా, ఎవరి కోడలు అలిగింది, ఎవరి గేదె ఈనింది, అన్నీ అక్కడే తెలిసేవి.

ఆవిడ నిప్పు అంత జాగ్రత్తగా కాపాడటం మాకోసం కాదు. అది వీధిలో అందరికీ తెలుసు.

ఆవిడ మొగుడు పరదేశి పెళ్లయిన రెండో ఏడాది రంగం, అదే బర్మాలో రంగూను, వెళ్లాడు. ఆ రోజుల్లో మా వైపు నుంచి రంగం వెళ్లని ఇల్లు తక్కువ. బియ్యం మిల్లుల్లో మూటలు మోసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, తిరిగొచ్చి ఎకరమో అరెకరమో కొనుక్కుందామని అందరిదీ ఒకటే ఆశ. బయల్దేరే రోజు పరదేశి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, అందులోంచి చుట్ట ముట్టించుకుని, గుమ్మం దిగాడట. వీధి మలుపు తిరిగేదాకా ఆ పొగ కనపడిందని అచ్చియ్యమ్మ చెప్పేది. అప్పుడు అత్తగారు కోడల్ని పిలిచి, "మగోడు సముద్రం దాటినప్పుడు పొయ్యారకూడదే అమ్మీ. ఆడు ముట్టించుకెళ్లిన నిప్పు ఆడొచ్చేదాకా ఉండాల" అంది. అత్తగారు ఆ మాట అని కొన్నేళ్లకు పోయింది. కోడలు దాన్ని పట్టుకుని ఉండిపోయింది.

మొదట్లో ఊరివాళ్ల చేత కబురు పంపేవాడు. తర్వాత రంగం మీద బాంబులు పడ్డాయి. జనం అడవుల వెంట నడిచి వచ్చేశారు. మా ఊరివాళ్లూ వచ్చారు, ఎముకల గూళ్లలాగా. పరదేశి రాలేదు. కొండల్లో జ్వరంతో వెనకబడిపోయాడని, మీరు నడవండి నేనొస్తానన్నాడని చెప్పారు. చెప్పినవాళ్లు ఆవిడ కళ్లలోకి చూసి చెప్పలేకపోయారు. పెద్దలు కూర్చుని, ఇక జరగాల్సింది జరిపించాలన్నారు. అచ్చియ్యమ్మ వాళ్లను ఇంట్లోకి పిలిచి పొయ్యి చూపించింది.

"నిప్పుందా నేదా? ఉంది కదా. మరి నా గాజులెందుకు తియ్యమంటారు బాబూ?"

పెద్దలు లేచి వెళ్లిపోయారు. ఆవిడ గాజులు వేసుకునే ఉంది, రూపాయి కాసంత బొట్టు పెట్టుకునే ఉంది. చాటున నవ్వినవాళ్లు లేకపోలేదు. కానీ ఆ నవ్వినవాళ్లే తెల్లారి కుండపెంకు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడేవాళ్లు.

ఒకసారి, నేను గుంటగా, చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పెద్ద గాలివానకు ఆవిడ ఇంటి కప్పు లేచిపోయి పొయ్యిలో నీళ్లు నిలిచాయి. మేమంతా హడలిపోయాం. ఆవిడ మాత్రం పెంకు తీసుకుని ఎదురింటి సన్యాసమ్మ దగ్గరికి వెళ్లింది. సన్యాసమ్మ ఆ పొద్దున్నే ఆవిడ దగ్గర నిప్పు తెచ్చుకుంది. అదే పొయ్యిలోంచి అచ్చియ్యమ్మ నాలుగు కణికలు ఏరుకుంది. "నా నిప్పే నాకొచ్చింది. వీధి వీధంతా దాసేను కదే, ఎక్కడికి పోద్ది?" అంది. నాకు అప్పుడు అర్థమయింది. మాకు ఇవ్వడమంటే ఆవిడకు ధర్మమూ కాదు, గొప్పా కాదు. మొగుడి ప్రాణాన్ని ఇంటింటా కాస్త కాస్త దాచుకోవడం.

అగ్గిపెట్టెలు అప్పుడూ ఉన్నాయి. మగవాళ్ల మొలలో ఉండేవి, చుట్టలకు. పొయ్యికి అగ్గిపుల్ల గీయడమంటే దుబారా. యుద్ధం రోజుల్లోనైతే డబ్బిచ్చినా దొరికేవి కావు. తర్వాత మా వీధి చివర కృపారావు కొట్టు పెట్టాడు. మంచివాడు, పాపం, అతన్నేమీ అనను. ఉప్పుకు, కిరసనాయిలుకు వెళ్లినవాళ్లు ఒక అగ్గిపెట్టె కూడా తెచ్చుకోవడం మొదలెట్టారు. పొద్దున్నే తలుపు తీసుకుని, మొహమైనా కడక్కుండా వెళ్లి ఇంకొకరి గుమ్మంలో నిలబడే పని తప్పింది. ఎవరూ మానేద్దామని మానలేదు. ఇవాళ ఒళ్లు బద్ధకమని ఒకరు, పిల్ల ఏడుస్తోందని ఒకరు, అలా అలా ఆ దారిలో నడిచే కాళ్లు తగ్గిపోయాయి.

అచ్చియ్యమ్మ మాత్రం పొయ్యి కెలికి, అరుగు మీద కూర్చుని చూసేది. దారిన పోయేవాళ్లను, "నిప్పట్టుకెళ్లవే" అని పిలిచేది.

"ఉందప్పా" అనేవాళ్లు. మా వైపు అప్పంటే అక్క.

అందులో అబద్ధమేమీ లేదు. ఉంది. కానీ ఆవిడ అనుకున్నది వేరు. తనిచ్చిన నిప్పునే వీళ్లు కప్పెట్టుకోవడం నేర్చుకున్నారని, బుద్ధొచ్చిందని సంబరపడింది. అగ్గిపుల్లతో వెలిగించుకుంటున్నామని ఆవిడ మొహం మీద ఎవరు చెబుతారు?

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నేను పురిటికి పుట్టింటికి వచ్చాను. దసరా వెళ్లాక పిల్లాడు పుట్టాడు. పురుడు వెళ్లిన రోజున మా అమ్మ నరసమ్మ ఇల్లంతా అలికి, పాత పొయ్యిలో బూడిదా నిప్పూ ఎత్తి దూరంగా పారబోసి, కొత్తమట్టితో పొయ్యి మెత్తింది. మైల నిప్పు ఇంట్లో ఉంచరు. ఇదివరకైతే ఆ రోజున కొత్త నిప్పు కోసం అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్లాలి, ఆవిడ పిల్లాడి పేరు చెప్పి నిప్పు తీసివ్వాలి. అమ్మ వెళ్లలేదు. గూట్లోంచి అగ్గిపెట్టె తీసి గీసేసింది. అదేదో తప్పని నాకూ తోచలేదు.

ఆ వారమే ముసురు పట్టింది. అచ్చియ్యమ్మకు జ్వరమని తెలుసు. వర్షంలో ఎవరూ వెళ్లి చూడలేదు. నిప్పు కోసం వెళ్లే రోజులైతే ఎలాగూ వెళ్లేవాళ్లం, ఒళ్లు తెలీకుండా పడుకున్న మనిషి పొయ్యిలో ఎవరో ఒకరు పిడక వేసేవాళ్లు. కప్పులోంచి నీళ్లు కారి పొయ్యి ఆరిపోయింది. ఆవిడ లేచి చూసుకునేసరికి తడి బూడిదే ఉంది.

పెంకు పట్టుకుని, నెత్తిన తాటాకు గిడుగు వేసుకుని, వానలో బయల్దేరింది. ముందు సన్యాసమ్మ ఇంటికి. సన్యాసమ్మ చట్టి దింపి, నిప్పులు తీసివ్వబోయింది.

"ఇది నాదేనా?" అని అడిగింది అచ్చియ్యమ్మ.

"నీదేటప్పా?"

"నాకాడ అట్టుకొచ్చిందేనా అని."

సన్యాసమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "పొద్దుట అగ్గిపుల్లతోటి ఎలిగించేనప్పా. నిప్పు నిప్పే కదా" అంది.

అచ్చియ్యమ్మ ఖాళీ పెంకుతో పక్కింటికి వెళ్లింది. అక్కడా అదే మాట. ఆ పక్కింటా అదే. ప్రతి ఇంట్లోనూ పొయ్యి మండుతూనే ఉంది. ప్రతివాళ్లూ ఇస్తామన్నారు. ఒక్కరింట్లోనూ పరదేశి నిప్పు లేదు. వీధంతా తిరిగి ఆఖరికి మా ఇంటికి వచ్చింది. నేను మంచం మీద పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఉన్నాను. ఆవిడ గిడుగులోంచి నీళ్లు కారుతున్నాయి. నోట్లో చుట్ట లేదు. ఆ మనిషిని చుట్ట లేకుండా చూడటం నాకు అదే మొదలు.

"నరసమ్మా, నీ పొయ్యిలో నిప్పు..." అని ఆగిపోయింది. అడగడానికి భయపడిపోయింది.

మా అమ్మ ఆ మొహం చూసింది. "నీదే అప్పా. నాను ఆరనివ్వనేదు" అంది.

ఆవిడ పెంకు కింద పెట్టి మా అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "నా తల్లే, నువ్వొక్కదానివే" అంది. నిప్పులు పెంకులో పోసుకుని, పైన ఇంకో పెంకు బోర్లించి, పసిపిల్లను మోసుకెళ్లినట్టు గుండెకు అదుముకుని వెళ్లింది. అమ్మ నా వైపు తిరిగి, "నువ్వు నోరెత్తకు" అంది. నేనెత్తలేదు. సాయంత్రానికి ఆవిడ కప్పులోంచి పొగ లేచింది. హమ్మయ్య అనుకున్నాం. వీధిలో మిగతావాళ్లూ ఆ సంగతి విని, మంచి పని చేశావని అమ్మను మెచ్చుకున్నారు. అందరికీ గుండె మీంచి బరువు దిగినట్టయింది.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. పిల్లాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాలు పట్టి తలెత్తేసరికి గుమ్మంలో అచ్చియ్యమ్మ ఉంది. నుదుటి మీద ఏమీ లేదు. చేతులు బోసిగా ఉన్నాయి. ఎడం మణికట్టు దగ్గర గాజుపెంకు గీరుకుని కాస్త నెత్తురు.

అమ్మ చేతిలో చేట కింద పెట్టి లేచింది.

"నీది పురుటి పొయ్యి కదే నరసమ్మా" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "మైల నిప్పు పారబోసి ఎలిగించుంటావు. నువ్వు నాకాడికి రానేదు కదా. నిన్న నాకది గుర్తు నేదు. ఇప్పుడు గుంటడి ఏడుపు ఇనపడితే గుర్తొచ్చింది."

అమ్మ ఆవిడ కాళ్ల మీద పడి ఏడ్చింది. పాపిష్టిదాన్ని, నీ మొహం చూడలేక అన్నానంది.

"నీదేం తప్పే. ఒక్క రేతిరైనా ఆణ్ణి బతికించేవు." అలా అని, అమ్మ తల మీద చెయ్యి వేసి ఉంచింది. "ఎప్పుడో పోయుంటాడే. నాకూ తెలుసు. పొయ్యి ఆరనేదు కదా అని నెట్టుకొచ్చేను."

నేను ఆ మాటకు ఏడవకుండా ఉండలేకపోయాను. నా మొగుడు ఆ వారమే వచ్చి పిల్లాణ్ణి చూసి వెళ్లాడు. ఆ మనిషి ఇన్నేళ్లుగా బూడిదలో చెయ్యి పెట్టి మొగుడున్నాడని చూసుకుంది. మేము ఆ చెయ్యి ఖాళీ చేశాం. ఎవరం కావాలని చెయ్యలేదు, అది నిజమే. అయితేనేం?

అమ్మ కళ్లు తుడుచుకుని, గంజి కాచుకోమని మా పొయ్యిలోంచి నిప్పులు తీయబోయింది. ఆవిడ వద్దంది.

"ఇంక ఒకరి నిప్పు నాకెందుకే. ఒక అగ్గిపుల్లియ్యి."

అమ్మ గూట్లోంచి పెట్టె తీసిచ్చింది. అచ్చియ్యమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఊరందరికీ నిప్పిచ్చిన మనిషికి అగ్గిపుల్ల గీయడం రాదు. గట్టిగా నొక్కితే విరిగిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది. భగ్గున అంటుకుంది. అంటుకున్నాక దాన్ని ఏం చెయ్యాలో తెలియక, చేతిలోనే పట్టుకుని చూస్తూ నిలబడింది. మంట వేళ్ల దాకా వస్తుంటే అమ్మే ఊదేసింది.