ఎవరూ అడగని బొమ్మ

మార్కెట్ యార్డులో పసుపు కుప్పల వేలం నడుస్తుండగా, మా మేనమామ కన్నుమూశారన్న కబురు వచ్చింది. ఆర్మూరు బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన కుంచెతో రాసినవే. ఆ బోర్డులను ఒక్కొక్కటిగా దించి, కంప్యూటర్‌తో కోసిన అక్షరాలు అంటిస్తున్న కాలంలో ఆయన వెళ్ళిపోయారు.

నేను పగలు ఆ యార్డులోనే తూకం కాంటా దగ్గర పనిచేసి, రాత్రి కాలేజీలో చదివి పట్టా పుచ్చుకున్నవాడిని. పట్టా చేతికొచ్చిన వారమే, నేను అడగకముందే, మామ నా పేరు కింద బి.ఏ. అని రాసిన చిన్న బోర్డును మా గుమ్మానికి బిగించారు. "చదివినోడివి, సిగ్గెందుకురా అల్లుడా!" అన్నారు. దానిని నేటికీ నా చేత్తోనే తుడుచుకుంటాను.

చేతికి వణుకు వచ్చి నిచ్చెన ఎక్కడం మానేశాక, ఆయన బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో చేరారు. బోర్డుల పని కోసమే అనుకున్నాను.

"బోర్డులెందుకురా! బతుకంత ఎరువుల దుకాణపోడు చెప్పింది, గుడికాడి పెద్దమనిషి చెప్పింది గీసిన. ఎవ్వరూ అడగని బొమ్మ ఒక్కటన్న ఎయ్యాలె."

ఆ బొమ్మ రెక్కలున్న ఒక యోధురాలు.

"గీమె ఏ దేవత మామా?" అని అడిగాను.

"ఏ దేవత గాదు. గీమె కథ ఇంక పుట్టలే."

ముందు నల్లని గీతతో ఆకారం కట్టారు. గీతలో ఎక్కడో సందు మిగిలి, కవచానికి పోసిన రంగు తెర నిండా పారింది. నేర్పే అమ్మాయి పకపకా నవ్వింది.

"తాతా, చెరువుకు గండి పడ్డది!"

"నవ్వుడు ఆపి గండి ఏడున్నదో చూపియ్యి బిడ్డా."

తెర మీది బొమ్మను పెద్దది చేసి, ఆ సందును చుక్కతో మూశారు. వణికే చేతికి ఆ చుక్కల పని అనువైంది. వెలుగు ఎడమ నుంచి పడుతుందని నిర్ణయించుకొని, ఈకకు ఈక నీడ దిద్దారు. మా అత్తను కూడా ఒకనాడు తీసుకెళ్ళి చూపించారు. ముఖాన్ని మాత్రం చివరికి అట్టిపెట్టారు. "ఒళ్ళంత తయారైనంకనే ముఖం ఎట్లుండాల్నో తెలుస్తది" అనేవారు.

సెంటర్ మిషన్లలో ఎవరి పనీ దాచరు గనుక, ఆ బొమ్మ ఆయన జేబులోని ఒక్క ఫ్లాపీ డిస్కులోనే ఉండేది. ఏటా దసరాకు కుంచెలకు బొట్టు పెట్టినట్టే, ఆ ఏడు దానికీ పెట్టారు. పైన కాదు. రేకును పక్కకు జరిపి, లోపలి నల్లని బిళ్ళకు తడిపసుపు, కుంకుమ అద్దారు. "బొమ్మ ఉన్నకాడనే పెట్టాలె గద" అని మా అత్తతో అన్నారట.

పండుగ తర్వాత ఏ మిషనూ ఆ ఫ్లాపీని చదవలేదు. అమ్మాయి తుడిచింది, ఆరబెట్టింది, చివరికి "పోయింది తాతా" అంది.

ఆయన మళ్ళీ మొదలుపెట్టి, మొదటి గీతల దగ్గరే ఆగిపోయారు. "కుంచెతోని ఏసింది చెయ్యి యాది పెట్టుకుంటది అల్లుడా. గిది మిషన్ల ఉండె. నా చేతికేం ఎర్కలేదు."

ఆ తర్వాత సెంటర్ మెట్లు ఎక్కలేదు. నేను ధైర్యం చెప్పబోయిన ప్రతిసారీ గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను చదివిన చదువులోని ఒక్క మాటా ఆయనను ఇటు తిప్పలేకపోయింది.

దినకర్మ నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఆ బొమ్మ ఎలా ఉండేదని మా పిల్లలు అడిగారు. చూసినవాళ్ళం ముగ్గురమే. రెక్కలు నెమలి నీలమన్నాను నేను. మోదుగుపువ్వు ఎరుపంది అత్త. "గాదమ్మా, బూడిద రంగు, అంచులకే ఎరుపు" అంది ఆ అమ్మాయి. కత్తి ఏ చేతిలో ఉండేదో కూడా తేలలేదు. ముఖం దగ్గర మాత్రం వాదన రాలేదు. అక్కడ తెల్లగా, ఖాళీగా ఉండేదని ముగ్గురమూ ఒకే మాట చెప్పాము.