నీడన ఎండిన అడ్డసరం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు బజారు నుంచి వచ్చి, భోజనాల బల్ల మీద ఒక ప్యాకెట్టు పెట్టి, ఇక నా పొడి కోసం నువ్వు అవస్థ పడక్కర్లేదు మామ్మా అనేసి లోపలికి వెళ్ళిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అడ్డసరం ఆకు పొడి, దగ్గుకి వాడేదే. వెనకవైపు చిన్న అక్షరాలతో ‘చెయ్యి తగలకుండా యంత్రాలపై తయారైనది’ అని ఉంది. ఆ ముక్క చదివి అలాగే కూర్చుండిపోయాను. నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో మందు ఏదైతేనేం, ఇచ్చే చేతికి వాసి ఉందా లేదా అనే చూసేవారు. ఆ హస్తవాసి అనే మాటే నన్ను పదేళ్ళు ఒక పెరట్లో కట్టేసింది.

రామచంద్రపురం దగ్గర కాలవ గట్టు మీద మా ఊరు. నా ఏడో ఏట అమ్మ పోయింది. నాన్న కాకినాడలో గుమాస్తా, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. మిగతా వారమంతా ఇంట్లో మామ్మా నేనూ. పెరట్లో తులసి, వాము ఆకు, సరస్వతాకు, గోడ పొడుగునా కంచెలాగా అడ్డసరం పొదలు ఉండేవి. పెరటి చెట్టు మందుకి పనికిరాదని లోకం అంటుంది గాని, మా ఊళ్ళో సగం దగ్గులకి మా పెరడే దిక్కు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి మామ్మ జ్వరంతో మంచం దిగలేక, ఎవరి పిల్లకో పొడి నా చేత ఇప్పించింది. ఆ పిల్లకి ఒక్క రోజులో దగ్గు కట్టేసింది. అంతే, పిల్ల చేతికి వాసి ఉందన్న మాట ఊరంతా పాకింది. ఆనాటి నుంచి ఆకు నేనే కొయ్యాలి, అదీ పొద్దెక్కకముందు తలస్నానం చేసి తడి జుట్టుతో. సావిడిలో గాలి ఆడేచోట పాత పంచె పరిచి, ఆకుకి ఆకు తగలకుండా నేనే ఆరబెట్టాలి. ఎండ పొడ తగిలితే ఆకులో సత్తువ చస్తుందని మామ్మ రోజుకి పదిసార్లు చెప్పేది. ఎండాక దంచి, గుడ్డలో జల్లించి, కాగితం పొట్లాలు కట్టి జాడీలో పెట్టడం, వచ్చినవాళ్ళకి ఇవ్వడం అన్నీ నా పనే. వేరే చెయ్యి పడితే మందు పారదట. ఏ పూట ఎవరొస్తారో తెలియదు కనక నేను ఊరు దాటకూడదు. మొగల్తూరులో మేనత్త కూతురి పెళ్ళికి అందరూ వెళ్తే, నేను అరుగు మీద కూర్చుని పొట్లాలు కట్టాను. గుళ్ళో దేవుడికైనా ఊరేగింపు ఉంటుంది, నాకు అదీ లేదు అనుకుని ఏడ్చాను.

స్కూల్లో మా క్లాసు టీచరమ్మగారు మాత్రం నా మీద ఆశ పెట్టుకున్నారు. నా చేత పంతులమ్మ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టించారు. నా పదిహేడో ఏట వేసవిలో రాజమండ్రిలో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. టీచరమ్మగారు ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి మామ్మని బతిమాలారు. మామ్మ మర్యాదగా మజ్జిగ ఇచ్చి, అంతకన్నా మర్యాదగా కాదంది.

“ఊరిపిల్లల ఉసురు పోసుకోలేనండి. దీని చేతి మందు పనిచెయ్యని రోజున నేనే బస్సెక్కిస్తాను.”

ఆ మాట పట్టుకున్నాను నేను. మామ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో, గొడ్లపాక వెనక వేడి రేకు మీద ఆకు పరిచి, రెండు రోజులు మాడ్చినట్టు ఎండబెట్టాను. పచ్చగా ఉండవలసిన పొడి గోధుమరంగులోకి దిగి ఎండుగడ్డి వాసన కొట్టింది. పాత పొట్లాలు కాలవలో పారేసి, ఈ పొడితో కొత్తవి కట్టి జాడీ నింపాను. ఒక్కళ్ళకి దగ్గు తగ్గకపోతే చాలు, వాసి పోయిందంటారు, నేను బయటపడతాను. పసిపిల్లలకి వేసే మందని తెలుసు. తెలిసే చేశాను.

ఆ రోజుల్లోనే మోకాళ్ళ నొప్పులని మామ్మ తన గది తలుపు వేసుకుని ఉండేది. నేను పట్టించుకోలేదు.

తొలకరి పడింది. ట్రైనింగులో చేరడానికి ఇంకా వారం ఉందనగా, పాలు పోసే ఆవిడ మనవరాలికి దగ్గని వస్తే, మూడు పొట్లాలు ఇచ్చాను. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. పిల్లకేమైనా అవుతుందేమోనని భయం, ఏమీ కాకపోతే నా గతేమిటని అంతకన్నా భయం. మూడోనాడు ఆవిడ నవ్వుకుంటూ వచ్చింది.

“అమ్మాయిగారండీ, పిల్ల హాయిగా నిద్రోయిందండి. మీ చెయ్యి పడితే మట్టైనా మందేనండి.”

పక్కనే చింతపండులో గింజలు తీస్తున్న మామ్మ తల ఎత్తలేదు. సత్తువ చచ్చిన ఆకుతో కూడా తగ్గిందంటే ఇక నాకు విడుదల ఎక్కడిది? నా చెయ్యిని నేనే అసహ్యించుకున్నాను. చేరవలసిన గడువు దాటిపోయింది. టీచరమ్మగారు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. రెండేళ్ళకి పెళ్ళి చేశారు, అదీ కేకేస్తే వినిపించే దూరంలో, పక్క వీధిలోనే.

మామ్మ పోయిన తరువాత అటక దులుపుతుంటే పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే గోధుమరంగు పొడి, ఎండుగడ్డి వాసన. ఆ ఇంట్లో అలాంటి పొడి చేసిన పాపాత్మురాలిని నేనొక్కదాన్నే. తలుపు వేసుకున్న ఆ రోజుల్లో మామ్మ ఏం చేసిందో అప్పుడు తెలిసింది. తనే ఆకు కోసి, మంచం కింద నీడన ఆరబెట్టి, దంచి, నా పొట్లాలు విప్పి నా పొడి తీసేసి, తన పొడి పోసి నా మడతల్లోనే మళ్ళీ మడిచింది. పాలావిడ మనవరాలికి నయం చేసింది మామ్మ చెయ్యే. నా చేతిలో ఏ వాసీ లేదని మామ్మకి తెలుసు, తెలిసీ నన్ను పంపలేదు. కొడుకు వారానికోసారి వచ్చే ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే ఆవిడకి భయమని అర్థం కావడానికి నాకు ఇంకో పాతికేళ్ళు పట్టింది.

ఇప్పుడు కాకినాడలో మూడో అంతస్తులో కొడుకు దగ్గర ఉంటున్నాను. బాల్కనీలో ఆరు కుండీలు, రెండింట్లో అడ్డసరం. ముసురు పడితే దగ్గే మనవరాలికి ఆ ఆకే నీడన ఆరబెట్టి పొడి చేస్తాను. దానికి రాజమండ్రి కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటానంది. వారం రోజులుగా నేను సణుగుతూనే ఉన్నాను. హాస్టల్లో నీకు పొడి ఎవరు చేసిస్తారే, రోజూ బస్సులో వెళ్ళి రాకూడదూ అని. దానికి జవాబుగానే ఆ ప్యాకెట్టు కొనుక్కొచ్చింది.

అది స్నానానికి వెళ్ళినప్పుడు ప్యాకెట్టు కత్తిరించి వాసన చూశాను. ఎండుగడ్డి. ఇందులో సత్తువ లేదు, నువ్వు వెళ్ళడానికి వీల్లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చాక, అది మామ్మ గొంతులా వినిపించింది.

లేచి వెళ్ళి నా జాడీ తెచ్చుకున్నాను. యంత్రం పొడి ఖాళీ డబ్బాలోకి ఒంపి, నా పొడి ఆ ప్యాకెట్టులో నింపి, రబ్బరుబ్యాండు వేసి దాని బ్యాగులో పెట్టాను. మనవరాలు తల తుడుచుకుంటూ వచ్చి, ఎలా ఉంది మామ్మా పొడి అని అడిగింది.

“బాగానే ఉందే. దిగులు లేకుండా వెళ్ళిరా.”

ఈ తరానికి చెయ్యి తగలకపోతేనే నమ్మకం. దగ్గు తగ్గితే ఆ పేరు యంత్రానికే పోతుంది. పోనీ, ఆ పేరుతో నేను పడ్డది చాలు. బస్సు ఎక్కించి వచ్చాక, ఆ గోధుమరంగు పొడి డబ్బా వంటింటి పై అరలో, ఎవరికీ అందనిచోట పెట్టాను. పారెయ్యడానికి నాకూ చేతులు రాలేదు.