గంగమ్మ పలక

పడవ మునిగితే మీరు ముందు పడవ అడుగు చూస్తారా, అందులో కూర్చున్న విధవ ముఖం చూస్తారా? మనమంతా ఒక ఈడువాళ్ళమే, మనలో మనకు దాపరికం ఎందుకు, నిజం చెప్పండి.

నిన్న టీవీలో ఎవరో వీపున గాలి సిలిండర్లు కట్టుకుని, వెచ్చని సముద్రంలో మునిగిన ఓడ చుట్టూ చేపల్లా తిరుగుతుంటే నా మనవరాలు నోరు తెరుచుకుని చూసింది. నేనూ మునిగిన పడవను నీళ్ళలో చూశానంటే నమ్మలేదు.

అది పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం. మిర్యాలగూడ బడిలో కొత్తగా పంతులుగా చేరిన నేను, సెలవులకు పాలకీడు అవతల కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరికి వచ్చాను. రేవు మీద పెత్తనం పటేలుది. అక్కడ ప్రతి పడవకూ ముందు భాగాన ఒక పలక గంగమ్మదని పసుపు పూసి బొట్లు పెట్టేవారు. దాని మీద సుత్తి పడకూడదు. మిగతా పలకలు కుళ్ళితే మార్చేవారు, సందుల్లో జనుము కుక్కి తారులాంటి కీలు పూసేవారు, ఆ ఒక్క పలకను మాత్రం వడ్రంగి వేలితో తట్టి చూసినా అపచారమే. ఏటేటా దాని మీద పసుపు మందమయ్యేది. దాన్ని భక్తి అన్నారు.

ఆ ఏడు మిరపకాయల బస్తాలతో, పదిమంది మనుషులతో బయలుదేరిన పడవ ఒడ్డు కనిపిస్తుండగానే ముందుకు ఒరిగి మునిగింది. ఈత రాని ముసలాయన ఒకడు పోయాడు. బతికినవాళ్ళలో మా చిన్నమ్మ ఉంది. ఇరవై రెండేళ్ళకే భర్త పోయి, మా ఇంట్లో ఉంటూ పటేలు ఇంట్లో వంట చేసేది. సాయంత్రానికల్లా పెద్దమనుషులు తేల్చేశారు: విధవ ఎక్కింది, గంగమ్మ అలిగింది, మూడోనాటి పంచాయితీలో ఆమెను ఊరు వెళ్ళగొట్టాలి. ఆమెకు మా గడప తప్ప మరో గడప లేదు. ఇంత తీర్పు చెప్పిన మేధావుల్లో ఒక్కడూ మోకాటి లోతు నీళ్ళలోకి దిగి పడవ వంక చూడలేదు.

దిగింది నాకు ఈత నేర్పిన బెస్త మామ, ఆయన వెంట నేను. రెండు నిలువుల లోతు. చెరొక బరువైన రాయి పట్టుకుని మునిగాం. పైన నీళ్ళు స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి, అడుగున ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతోంది. పగిలిన బస్తాలోంచి ఎర్రని మిరపకాయలు ఒక్కొక్కటే పైకి తేలిపోతుంటే చేపపిల్లలు మూతితో పొడిచి వదిలేస్తున్నాయి. మామ నా చెయ్యి పట్టి గంగమ్మ పలక మీద పెట్టాడు. నానిన అటుకుల్లోకి పోయినట్టు మోచేతి దాకా లోపలికి పోయింది. నాలుగోసారి మునిగి దాన్ని ఊడబెరికి తెచ్చాం.

మూడోనాడు పంచాయితీ వేళ చావడి ముందు ఆ పలక పడేస్తే పటేలు దాని వంక చూడనైనా లేదు.

"ముండమోసింది కాలు పెట్టినంక పలకేంది, కొండైనా కుళ్ళుతది."

అంతవరకూ తలవంచుకున్న చిన్నమ్మ కొంగు దోపుకుని ముందుకు వచ్చింది.

"ఆరేండ్ల సంది నీ ఇంట్ల వండుతున్న, పటేలా. మరి నీ ఇల్లింకెట్ల నిలబడ్డది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు, తరువాత చావడంతా నవ్వింది. ఆమెను వెళ్ళగొట్టే మాట మళ్ళీ ఎత్తడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు. కానీ కొత్త పడవకూ ముందు పలక మీద పసుపు పూశారు. చిన్నమ్మను ఆ రేవులో ఇంకెన్నడూ పడవ ఎక్కనివ్వలేదు. పటేలు ఇంట్లో వంట మాత్రం మాన్పించలేదు, ఆమె పులుసు రుచి అలాంటిది మరి.

ఇప్పుడు రేవు లేదు, మామ లేడు, చిన్నమ్మ లేదు. జనం వంతెన మీద బస్సుల్లో కునికిపాట్లు పడుతూ నది దాటుతున్నారు. లోకం మారిందని నేనూ మురిశాను. మొన్న కోదాడలో ఒక పెళ్ళికి వెళితే, ఇంజనీరింగు చదివిన పెళ్ళికొడుకును కన్న తల్లి, భర్త లేడన్న నేరానికి, తాళి కట్టే వేళ స్తంభం చాటున నిలబడింది. అది చూసి కూడా నాతో సహా అందరం కడుపునిండా తిని వచ్చాం. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను. మీరు వెళ్ళే తరువాతి పెళ్ళిలో అలాంటి తల్లి కనిపిస్తే చెయ్యి పట్టి పందిట్లోకి తీసుకురండి, మొదటి అక్షింతలు ఆమె చేత వేయించండి. వద్దన్నారా, విస్తరి ముందు నుంచి లేచి వచ్చేయండి.