ఓడీల్ అమ్మ గోడకు దిష్టి గుమ్మడికాయ

నా ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయనగా, ఒక సెప్టెంబరు నెలాఖరున, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి నాలుగు వారాల పని మీద వెళ్లమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను కర్నూలులో, పాత కట్టడాల మరమ్మతులు చూసే శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును. విదేశీ ప్రయాణం ఉన్న ఫైలు సాధారణంగా పైకి పోతుందే గాని కిందికి రాదు. ఇది నాదాకా రావడానికి కారణం, పిలిచినవాళ్లు పెట్టిన షరతు. గానుగ సున్నంతో స్వయంగా పని చేయించిన ఇంజినీరు, చేతులతో ఆ పని చేసే మేస్త్రి, ఇద్దరే కావాలన్నారు. మా పై అధికారి ఆ షరతు రెండుసార్లు చదివి, నిట్టూర్చి, ఫైలు నా బల్ల మీదికి తోశారు.

గానుగ సున్నం అంటే ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోసి చేసే గచ్చు అది. సిమెంటు రాకముందు మన కోటలు, గుళ్లు, దర్గాలు దాంతోనే నిలబడ్డాయి. ఆ పని మీద నాకు శాఖలో కొంత పేరుండేది. కడప వైపు ఒక పాత కోట మీద నేను రాసిన నివేదికను అచ్చు కూడా వేశారు. కోట ద్వారం దగ్గర మూడో మెట్టుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టే ఆచారం "ప్రాచీన కాలం నుంచి" వస్తోందని అందులో ఒక పేజీ నిండా వర్ణించాను. అందరూ మెచ్చుకున్నది ఆ పేజీనే. నాకూ అదంటే ముద్దు.

మేస్త్రి విషయంలో ఆలోచించే పని లేదు. బేతంచెర్ల హుసేనప్పకు సాటి ఎవరూ లేరు. తాత ముత్తాతల నుంచి వాళ్లది తాపీ పనే. వేలి కణుపుతో గోడను తట్టి, పూత లోపల డొల్ల ఎక్కడుందో చెప్పేవాడు. విమానం ఎక్కమంటే మాత్రం, "అంత ఎత్తున పరంజా లేకుండా ఎట్ల పోతారు సార్" అని రెండు రోజులు బెట్టు చేశాడు. చివరికి తన తాపీ తనతోనే వస్తుందంటే ఒప్పుకున్నాడు. అక్కడి విమానాశ్రయంలో తాపీకి ఏమీ కాలేదు గాని, కరక్కాయల సంచి మాత్రం నలుగురు అధికారుల చేతులు మారింది. వాళ్లలో ఒకాయన ఒక కాయ వాసన చూసి, మా ఇద్దరినీ చూసి, జాలిపడి వదిలేశాడు.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఫ్రాన్సుకూ జర్మనీకీ సరిహద్దులో ఆల్సేస్ అని ఒక సీమ ఉంది. సుమారు నూట ఎనభై ఏళ్ల కిందట అక్కడి కుటుంబాలు కొన్ని ఓడలెక్కి వచ్చి, ఏటి ఒడ్డున ఈ ఊరు కట్టుకున్నాయి. గోడలు తెల్లటి సున్నపురాయివి, కప్పులు నిటారుగా వాలినవి. అంత వాలు మంచు జారిపోవడానికట. ఈ ఊళ్లో మంచు పడేది ఎప్పుడో గాని, ఎండ మాత్రం అచ్చం మన ఎర్రగుంట్ల ఎండే. సొంతూళ్లో కప్పు అలా ఉండేది కాబట్టి ఇక్కడా అలాగే కట్టారు. నేను అది చూసి నవ్వాను. ఇంజినీరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

మాకు అప్పగించిన ఇల్లు ఓడీల్ అనే ఎనభై ఏళ్ల ఆవిడది. అది వాళ్ల ముత్తాత కట్టిన ఇల్లు. ఆ తర్వాత ఎప్పుడో ఎవరో వీధి వైపు గోడకు సిమెంటు పూశారు. సున్నపురాయి గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయినే తినేస్తుంది. గోడ అడుగున గుప్పెడు గుప్పెడుగా పొడి రాలుతోంది. ఆ ఊరికి ఒక వారసత్వ సంఘం ఉంది, మమ్మల్ని పిలిపించింది అదే. ఏటా అక్టోబరు ఆఖరి శనివారం పాత ఇళ్లు చూడటానికి జనం వస్తారు. ఆ ఉదయం పది గంటల లోపల గోడ బాగైందని సంఘం సంతకం పెట్టకపోతే, ఓడీల్ ఇంటి పేరు జాబితాలోంచి తీసేస్తారు. జాబితాలో ఉన్నంత కాలం ఆ ఇంటిని ఎవరూ పడగొట్టలేరు. పేరు పోయిందంటే, ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చి స్థలం అమ్మడానికి మేనల్లుడొకడు కాచుకుని ఉన్నాడు.

"ఈ ఇంట్లోనే పుట్టాను, ఇక్కడే పోతాను. అంతవరకు గోడ నిలబెట్టండి చాలు" అన్నది ఆవిడ మొదటి రోజే. పాత పనితనం గురించి వాళ్ల నాయనమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగితే, తాను పుట్టకముందే ఆమె పోయిందనీ, ఆమె గురించి ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదనీ అన్నది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి.

సంఘం అధ్యక్షుడి పేరు హెన్రీ. రిటైరైన ప్రధానోపాధ్యాయుడు. చేతిలో ఎప్పుడూ అట్ట, దాని మీద కాగితాలు, చెవి వెనక పెన్సిలు. వీధిలోకి కనిపించే ఏ మార్పుకైనా ఏడు రోజుల ముందు లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. కిటికీ రెక్కకు రంగు మార్చాలన్నా అంతే. కోటగోడలకు మేకులు కొట్టినవాళ్లకు ముప్పై ఏళ్లు నోటీసులు ఇచ్చి ఇచ్చి, ఒక్కడి చేతా ఒక్క మేకు కూడా పీకించలేకపోయిన నాకు ఆయన్ని చూస్తే కడుపు నిండిపోయింది.

మొదటి వారమంతా సిమెంటు పెళ్లగించడానికే సరిపోయింది. రెండో వారం మొదటి పూత వేయాల్సిన ఉదయం హుసేనప్ప తాపీ కింద పెట్టి కూర్చున్నాడు. ఓడీల్ అమ్మను అతను జేజి అనేవాడు, మా సీమలో నాయనమ్మను అలాగే పిలుస్తారు.

"ఈ ఊరోళ్లు శానా పద్ధతైనోళ్లు సార్. యాడ చూసినా గడప ముందర గుమ్మడికాయ పెట్టుకోనుండారు. దానికి కండ్లు, పండ్లు చెక్కినారు. కొందరు గడ్డిబొమ్మలు గూడా నిలబెట్టినారు. ఆ మూలింటాయన ఏకంగా ఎముకలగూడే యాలాడదీసినాడు. ఎంత దిష్టి తగిలిందో ఏమో పాపం. ఊరంతటికీ మన జేజి ఇంటికే ఏమీ లేదు. పచ్చిగోడ, వీధి మొగాన. దిష్టి కట్టకుండా నేను పూత ఎయ్యను సార్."

అది హాలోవీన్ అనే పండగనీ, పిల్లలు దయ్యాల వేషాలు కడతారనీ వివరించాను. హుసేనప్ప ఓపికగా విన్నాడు.

"అదే గదా సార్ నేను చెప్తాండేది. దయ్యాలు రాకుండానే గదా పెట్టుకునేది. బూడిద గుమ్మడి దొరక్క తియ్య గుమ్మడి పెట్టుకున్యారు, అంతే తేడా."

హెన్రీగారి దగ్గరికి వెళ్లి, చూరుకు ఒక గుమ్మడికాయ వేలాడదీయడానికి అనుమతి కావాలన్నాను. ఆయన అట్ట మీద కాగితాలు తిప్పి, వేలాడదీయడానికి దరఖాస్తు కావాలనీ, మెట్టు మీద పెట్టడానికి అక్కర్లేదనీ చెప్పారు. అంతేకాదు, సందర్శకులు మొదట వచ్చేది ఓడీల్ ఇంటికే కాబట్టి గుమ్మడికాయ తానే ఇస్తానన్నారు. ఆయన పెరట్లో కాసిన కాయ. రెండు సాయంత్రాలు కూర్చుని దాని మీద ఊరు కట్టిన పెద్దమనిషి ముఖం, టోపీ, గడ్డంతో సహా చెక్కి తెచ్చారు. హుసేనప్ప దాన్ని నాలుగు వైపులా చూసి, "కండ్లు ఇంకొంచెం ఉరిమినట్టుంటే బాగుండు" అని, తాపీ చేతిలోకి తీసుకున్నాడు.

మూడు పూతలూ అనుకున్నట్టే పడ్డాయి. బెల్లం చాలకపోతే అక్కడి నల్ల చక్కెర పాకం కలిపాం. ఎండకు పూత బీటలివ్వకుండా తడి గోనెపట్టాలు కప్పాం. ఓడీల్ అమ్మ పొద్దున, సాయంత్రం తానే కుర్చీ వేసుకుని కూర్చుని గోనెలకు నీళ్లు చల్లేది. హుసేనప్ప తెలుగులోనే ఆమెకు ఆజ్ఞలిచ్చేవాడు. ఆమె తనకు తోచినచోట చల్లేది.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు హెన్రీగారు ఇద్దరు సభ్యులతో వచ్చారు. వీధి చివర సందర్శకుల బస్సు అప్పటికే ఆగి ఉంది. ఆయన చిన్న కొయ్యసుత్తితో గోడను జానెడు జానెడుకూ తట్టి విన్నారు. ఎక్కడా డొల్ల లేదు. "బాగుంది" అని పెన్ను మూత తీశారు.

హుసేనప్పకు ఇంగ్లీషు రాదు. మూత తీయడం మాత్రం అర్థమైంది. మన దగ్గర పని ఒప్పుకోలు అయిన మరుక్షణం చేసే పని ఒకటుంది. మా ఆవిడ నా పెట్టెలో పెట్టిన శ్రీశైలం కుంకుమ పొట్లం ముందురోజు అతను ఎందుకు అడిగాడో నాకు అప్పుడు తట్టింది. తట్టేసరికి ఆలస్యమైంది. పొట్లమంతా ఊరు కట్టిన పెద్దమనిషి నోట్లో పోసి, ఆ తలను రెండు చేతులా ఎత్తి, గోడకు మూడుసార్లు తిప్పి, వీధి నడిమధ్యన ఠపీమని కొట్టాడు.

టోపీ ఒకవైపు, గడ్డం ఒకవైపు పడ్డాయి. మధ్యలో ఎర్రగా చిమ్మింది. బస్సులోంచి దిగుతున్న ఒకావిడ కెవ్వుమంది.

హెన్రీగారు పెన్ను మూత పెట్టేశారు. ముఖం ఆ కుంకుమ కంటే ఎర్రగా ఉంది. ఊరి స్థాపకుడికి జాబితాలోని ఇంటి ముందు ఇంత అవమానం జరిగాక సంతకం సాధ్యం కాదనీ, విషయాన్ని వచ్చే నెల సమావేశానికి వాయిదా వేస్తున్నాననీ అన్నారు. వచ్చే నెలకు వాయిదా అంటే పేరు పోయినట్టే. హుసేనప్ప మాత్రం పని దివ్యంగా ముగిసిందని చేతులు కడుక్కుంటున్నాడు.

అప్పుడు ఓడీల్ అమ్మ కుర్చీలోంచి లేవకుండానే అన్నది: "మా నాయనమ్మ అచ్చం ఇలాగే కొట్టేది. గోడ పని అయిపోయిన రోజున. పాత దేశం నుంచి తెచ్చుకున్న ఆచారం. నీకు తెలియదా హెన్రీ?"

ఊరి చరిత్రలో తనకు తెలియనిది ఉందని హెన్రీగారు నలుగురిలో ఒప్పుకోగలరా? ఆయన నావైపు తిరిగారు. మీరు ఈ రంగంలో నిపుణులు, ఇలాంటి ఆచారం ఉన్నట్టు మీకు తెలుసా అని అడిగారు.

మా ఉద్యోగంలో ఎంబుక్ అని ఒకటుంటుంది. జరిగిన పనిని టేపు పట్టి కొలిచి రాసే పుస్తకం. కళ్లతో చూడనిది అందులో ఒక్క అంగుళం కూడా రాయకూడదు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను అలా రాసి ఎరగను. ఓడీల్ అమ్మ నా వైపు చూడలేదు. ఒళ్లో ఉన్న నీళ్ల చెంబును గట్టిగా పట్టుకుని గోడనే చూస్తోంది.

"సున్నపు పని చేసేవాళ్లలో, పని పూర్తయ్యాక గుమ్మడికాయ పగలగొట్టే ఆచారం ఉంది. నేను స్వయంగా చాలాసార్లు చూశాను" అన్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎక్కడ చూశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

హెన్రీగారు కాగితం తిప్పి, ఎన్ని చుట్లు తిప్పేవారని ఓడీల్‌ను అడిగారు. "మూడు" అన్నది ఆవిడ, అప్పుడే చూసింది కాబట్టి. ఆయన అది రాసుకుని, పది గంటలకు నాలుగు నిమిషాల ముందు సంతకం పెట్టారు.

తిరుగు విమానంలో, ఆ పొద్దు జేజి ఏమన్నదని హుసేనప్ప అడిగాడు. చెప్పాను. "అట్లనా! అయితే వాళ్ల జేజిది గూడా మేస్త్రీల ఇల్లే అయుంటుంది సార్" అని తృప్తిగా నిద్రపోయాడు.

మరుసటి సంవత్సరం నవంబరులో, నా పదవీ విరమణ వారంలోనే, ఓడీల్ అమ్మ దగ్గర నుంచి కవరు వచ్చింది. గోడ గట్టిగా ఉందట, మేనల్లుడు అడగడం మానేశాడట. లోపల ఆ ఏడాది సందర్శకుల కరపత్రం ఉంది. తొమ్మిదిన్నరకు ఓడీల్ ఇంటి ముందు, నూట ఎనభై ఏళ్లుగా వస్తున్న ఆల్సేస్ పూర్వీకుల గుమ్మడికాయ వేడుక, ప్రేక్షకులు పది అడుగుల దూరంలో నిలబడవలెను అని అచ్చు వేశారు. పక్కన ఫొటోలో పాతకాలపు టోపీ పెట్టుకుని, గుమ్మడికాయ నెత్తిన ఎత్తి పట్టుకుని హెన్రీగారు. ఈసారి కాయ మీద ముఖం చెక్కలేదు. ఏడు రోజుల ముందు దరఖాస్తు పెట్టిందీ, దానికి అనుమతి ఇచ్చిందీ ఆయనేనని ఓడీల్ అమ్మ రాసింది.

నాకు నవ్వు ఆగలేదు. ఆ కరపత్రం తీసుకుని బేతంచెర్ల వెళ్లాను. ఒక్క ఏడాదిలో ప్రాచీన ఆచారం ఎలా పుట్టించారో చూడు, ఎంత అమాయకులో అన్నాను. హుసేనప్ప ఫొటో చూసి, "ఎత్తడం బాగానే ఎత్తినాడు" అని, కరపత్రం మడిచి నా చేతికిచ్చి అన్నాడు:

"సార్, మీరేమీ అనుకోవద్దు. ఆ కోట పుస్తకంలో మూడో మెట్టుకు టెంకాయ అని రాసినారే. మా మనవరాలు సదివి చెప్పింది. అది మా నాయన పెట్టింది సార్. ఆ మెట్టు ఊగుతాండె. బాగు చేస్తానంటే మీ ఆఫీసోళ్లు ఉత్తర్వు ఇయ్యలే. ఎవరన్నా పడి సస్తారని పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టినాడు. ఆ పొద్దు నుంచి దాని మీద ఎవరూ కాలు పెట్టలే."

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలే గదా సార్" అన్నాడు.

ఆ ఆదివారం బస్సెక్కి కోటకు వెళ్లాను. టెంకాయ చిప్పలు పక్కకు జరిపి, అరచేత్తో మెట్టును నొక్కాను. ఊగుతోంది. మర్నాడు పొద్దున్నే, రిటైరైన మనిషినై ఉండి, పాత ఆఫీసుకు మరమ్మతు కోరుతూ అర్జీ రాశాను. నా నివేదికలోని పేజీని సవరించమని ఇంకో అర్జీ రాశాను. మొదటి దాని మీద ఇంకా పని మొదలు కాలేదు. రెండోదానికి మాత్రం జవాబు వచ్చింది, ప్రాచీన ఆచారాలను సవరించే అధికారం శాఖకు లేదని.

ఆ నాలుగు వారాల పనివల్ల నేను నేర్చుకున్నది ఇంతే. ఎక్కడైనా ఆచారం కనిపిస్తే, దాని గురించి రాసే ముందు, కింద రాయి ఊగుతోందేమో చేత్తో నొక్కి చూడాలి.