ఇంగువ వాసన వదలని ఫ్రీజర్

నవంబరు మొదటి వారంలో ఒక ఉదయం ఫోను వచ్చింది. మా ఇంటి ఓనరు గారి అమ్మాయి. జబ్బుపడ్డ తండ్రిని చూడడానికి రెండు రోజుల ముందే టొరంటోలోని నార్త్ యార్క్ నుంచి ఎడ్మంటన్ వచ్చి, ఆస్పత్రిలోనే ఉంటోంది.

"అన్నా, నాన్న పోయారు. నలభై నిమిషాలైంది" అంది. తర్వాత, "గరాజ్‌లో ఫ్రీజర్ ఆన్‌లోనే ఉందా? నిన్నంతా అదే అడిగారు" అంది.

వెళ్లి చూశాను. ఆన్‌లోనే ఉంది. పక్క గోడకున్న చిన్న డిస్‌ప్లే పది డిగ్రీలు చూపిస్తోంది. మూత మీద అంటించిన కాగితంలో ఆయన చేతిరాత: "పన్నెండు రోజులు పది దగ్గర. రెండు రోజులు పదహారు. ఆపైన రోజుకొక డిగ్రీ తగ్గించాలి, ఒకటికి వచ్చేదాకా. అక్కడ మూడు వారాలు." లోపలున్న బీరు జాడీకి అది తొమ్మిదో రోజు.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. గుడి హాల్లో మైకు మొరాయిస్తే బాగుచేసే పెద్దమనిషిగా కొందరికి, భార్య పోయాక ఇంట్లో బీరు చెయ్యడం మొదలుపెట్టిన ఆయనగా మరికొందరికి. తాగుడుకు పడ్డారన్న మాట నా చెవినా పడింది. పదకొండేళ్లు ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాడిగా చెబుతున్నాను: ఒక విడతకు నలభై సీసాలు వస్తే, ఆయన తాగేది రెండో మూడో. మిగతావన్నీ పంచిపెట్టేవారు.

అది మొదట ఆంటీ ఫ్రీజర్. పెట్టెలా పైకి తెరుచుకునే రకం, మనిషి పడుకునేంత పొడుగు. గోంగూర, మునగాకు, కొబ్బరి కోరు, చిన్న చిన్న జిప్‌లాక్ సంచుల్లో కట్టి, మీద పేరూ నెలా రాసి పేర్చేవారు. ఇండియా నుంచి ఎవరు వచ్చినా ముద్ద ఇంగువ, సాంబారు పొడి తెప్పించుకుని, ఘాటు పోకుండా అందులోనే దాచేవారు. నాలుగేళ్ల కిందట ఆంటీ పోయారు. ఆ తర్వాత ఏడాది పాటు అంకుల్ ఆ సంచుల్ని ఒక్కొక్కటే తీసి వండుకున్నారు. ఆఖరి గోంగూర సంచి అయిపోయిన రోజున ప్లగ్గు తీసేశారు.

"పాతదైపోయింది కదా అంకుల్, తీసేద్దామా?" అని అడిగాను.

"రిటైరైన ప్రతివాణ్ణీ తీసేస్తారా? దానికి వేరే ఉద్యోగం చూద్దాం" అన్నారు.

ఆయన రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా పనిచేశారు. వేడి, ఒత్తిడి చెప్పినచోట ఉండేలా చూడడమే ముప్పై ఏళ్ల ఉద్యోగం. బీరు మీద ఆసక్తి అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. బార్లీ కషాయంలో ఈస్ట్ వేశాక దాన్ని ఒకే వేడిలో ఉంచాలి. డిగ్రీ అటూ ఇటూ అయితే రుచి మారిపోతుంది. ఫ్రీజర్ ప్లగ్గును ఒక కంట్రోలర్‌కు తగిలించారు. కావలసిన డిగ్రీకి చేరగానే అది కరెంటు ఆపుతుంది, దాటితే మళ్లీ ఇస్తుంది. చలికాలంలో మా గరాజ్ ఫ్రీజర్ కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి, లోపల ఒక హీటింగ్ ప్యాడ్ కూడా పెట్టారు. ఫ్రీజర్‌కు హీటర్ పెట్టిన మనిషని గుళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

వేడిని కొలిచే తీగను ఫ్రీజర్ లోపలి గోడకు అంటించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏమయ్యా రిపోర్టరూ, గాలిని అడిగితే గాలి సంగతి చెబుతుంది. నీకు కావలసింది జాడీలో వాడి సంగతి కదా. వాణ్ణే అడుగు."

తీగను గాజు జాడీకే ఆనించి, పైన స్పాంజి కట్టి, టేపు చుట్టారు. పాతికేళ్లుగా వార్తలు రాస్తున్నాను. నా పని గురించి ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

మొదటి విడత బీరు పాడైంది. పులియడం బాగానే అయింది. తేటపడడానికి చల్లబరిచినప్పుడు జాడీలోని గాలి ముడుచుకుని, మూతి దగ్గరున్న గొట్టం గుండా ఫ్రీజర్‌లోని గాలిని లోపలికి పీల్చుకుంది. ఆ గాలి నిండా ఏళ్ల తరబడి దాచిన ఇంగువ. రుచి చూడడానికి పిలిచిన డాక్టరు గారు, ఆయనకు ముప్పై ఏళ్ల స్నేహితుడు, ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఇంజినీరు గారూ, ఇది బీరా, చారా?"

"మీకు పోపు కూడా పెట్టించాను. ఇంకేం కావాలి?" అన్నారు అంకుల్. నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది.

లోపలంతా వంటసోడాతో నాలుగుసార్లు కడిగాం. వాసన పోలేదు. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీలో అది ఇంకిపోయిందని ముక్కు పెట్టి చూసి నేనే కనిపెట్టాను. పట్టీ మార్చేస్తే సరిపోతుందన్నాను. ఆయన తలూపారు. కొత్త పట్టీకి ఆర్డరు పెట్టారు, అది పెట్టెలో వచ్చింది కూడా. కానీ తర్వాతి విడతకు చూస్తే పాత పట్టీయే ఉంది, జాడీ మూతికి మాత్రం ఒక ఎర్ర బెలూన్ తగిలించి ఉంది. పులిసేటప్పుడు వచ్చే వాయువుతో బెలూన్ నిండుతుంది. చల్లబరిచినప్పుడు జాడీ బయటి గాలికి బదులు దాన్నే పీల్చుకుంటుంది. బీరు శుభ్రంగా వచ్చింది.

"పట్టీ ఏమైంది అంకుల్?"

"సైజు కుదర్లేదు."

నేను నమ్మాను. అడిగి చెప్పించుకోవడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, పెట్టె తెరిచి చూడలేదు.

ఇంకొకటి కూడా అప్పుడు గమనించాల్సింది. మూత ఊరికే తెరిస్తే ఆయనకు కోపం. "చలంతా పోతుంది, ముయ్యి" అని కసిరేవారు. ఆయన మాత్రం రోజూ పొద్దున కాఫీ తాగి వచ్చి, మూత జానెడు ఎత్తి, వంగి కాసేపు నిలబడేవారు. ఏం చూస్తున్నారని ఒకసారి అడిగాను. "టెంపరేచర్" అన్నారు. డిస్‌ప్లే బయట గోడకు ఉంది.

ఈ ఏడాది ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నారు. డిసెంబరు ఆఖరుకు తాళాలు అప్పగించాలి. ఫ్రీజర్ తెచ్చుకోవచ్చా అని ఫోన్లో కూతుర్ని అడిగితే, "ఈ కాండో ఫ్లాట్‌లో నేనే పట్టను నాన్నా" అందట. "అయితే ఇదే ఆఖరిది" అని నాతో చెప్పి అక్టోబరు చివర్లో జాడీ నింపారు. తొమ్మిదో రోజుకు ఆయన లేరు.

కర్మకాండ అయ్యాక అమ్మాయి గరాజ్‌లోకి వచ్చింది. "దీన్ని పాత సామాన్లు తీసుకునే ఎకో స్టేషన్‌కి ఇచ్చేద్దాం అన్నా. ఐ కాంట్ డీల్ విత్ దిస్" అంది. ఆ ముందు రోజే అరలో కొత్త పట్టీ పెట్టె నాకు దొరికింది. దాని మీది మోడల్ నంబరు, ఫ్రీజర్ వెనకున్న నంబరు ఒకటే. పెట్టెకు వేసిన టేపు కూడా విప్పలేదు. ఆ రెండు నంబర్లూ చూపించి, ఏమీ వ్యాఖ్యానించకుండా, మూత ఎత్తమన్నాను.

ఎత్తింది. వంగింది. చాలాసేపటికి, "అమ్మ సాంబారు" అంది. తెలుగులోనే అంది. మూత మెల్లగా దించి, "ఇంకా ఎన్ని రోజులు కావాలి దీనికి?" అని అడిగింది.

తిరిగి వెళ్లాక రోజూ ఫోను చేసేది.

"ఇవాళ ఎంత?"

"ఆరు."

"రేపు ఐదు. మర్చిపోకు. బెలూన్ ఎలా ఉంది?"

"సగమైంది."

డిసెంబరు మూడో వారంలో వచ్చింది. ఇద్దరం సీసాల్లోకి నింపాం. తాళాలు అప్పగించే ముందు రోజు డాక్టరు గారు వచ్చి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంగువ లేదే" అన్నారు. ఫిర్యాదులాగే అన్నారు. తాగకుండా చాలాసేపు గ్లాసు పట్టుకునే కూర్చున్నారు.

ఆయన వెళ్లాక అమ్మాయి స్క్రూడ్రైవరుతో పాత పట్టీ ఊడదీసింది. చుట్టలా చుట్టి, పెద్ద జిప్‌లాక్ సంచిలో పెట్టి, అరచేత్తో ఒత్తి గాలంతా పోగొట్టింది. "గాలుంటే ఐస్ పడుతుంది అనేది అమ్మ" అంది. దాన్ని సూట్‌కేసులో కాదు, విమానంలో ఒళ్లో పెట్టుకునే బ్యాగులో పెట్టుకుంది.

ఫ్రీజర్ నాతో వచ్చింది. కొత్త అద్దెయింటి గరాజ్‌లో ఉంది. కొత్త పట్టీ సరిగ్గా సరిపోయింది. ఆయన కాగితం చూసి నేను ఒక జాడీ పెట్టాను, అది పదో రోజులో ఉంది. ఈ ఉదయం కాఫీ తాగి వెళ్లాను. గోడ మీద డిస్‌ప్లే పది చూపిస్తోంది. అయినా మూత జానెడు ఎత్తి, వంగాను. రబ్బరు వాసన, ఈస్ట్ వాసన. వేరే ఏమీ లేదు. చలి పోతుందని తెలిసీ కాసేపు అలాగే నిలబడ్డాను.