నాయనమ్మ సగం పాట

మూడు వందల ఏళ్ల కిందట అమెరికాలో వరి పండించిన బానిసలకు పాట నేర్పింది మా నాయనమ్మ బుగ్గమ్మే. ఆమెకు డెబ్బై నాలుగే కదా అని లెక్కలు తీయకండి. ఆమె గొంతు ఆమెకంటే ముందే పుట్టింది. ఇబ్రహీంపట్నంలో నాట్లు వేసే రోజుల్లో ఆమె పాట ఎత్తితే, చెరువు అవతలి గట్టున బర్రెలు నెమరు ఆపేసేవట. ఈ బర్రెల ముచ్చట మాత్రం ఆమె స్వయంగా చెప్పుకున్నదే.

అమెరికా సంగతి మా చెల్లె శివాని మోసుకొచ్చింది. శేరిగూడ కాలేజీలో చదువుతుంది, ఏదో వ్యాసం రాయాలట. అన్నం తింటూ ఫోన్‌లో చూసి చదివింది. అక్కడి వరి పొలాల్లో ఒకరు పాట ఎత్తితే మిగతా బానిసలు అందుకునేవారట. బానిసత్వం తప్పిన నల్లవాళ్లు కూడా పట్నాల్లో కూలి చేసుకుంటూ పాడుకునేవారట.

నాయనమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"గదే! మా యమ్మ దొర గడిల వెట్టి జేసింది. నేను కూలి జేసిన. ఇద్దరం పాడింది ఒక్క పాటనే."

"ఏదీ, పాడు మరి," అన్నాను.

చీకటి పడినా దొర మేడలో జీతం లేని చాకిరీ తెమలక ఇంటికి రాని తల్లిని బిడ్డ అడిగే పాట అది. "దీపం బెట్టె యాళాయె, ఏడున్నవే యమ్మా..." అని ఎత్తి ఆగింది.

"తర్వాత?"

"తర్వాతది నాది గాదు. ఎదురు వరుసోళ్లది. తల్లి జవాబు ఆళ్లు పాడేది."

"గన్నేండ్లు ఇన్నవ్ గద, యాదికి లేదా?"

"ఆళ్లు పాడేటప్పుడు నేను దమ్ము దీసుకుంటుంటి. ముంగటి మాట ఎతుకుకుంటుంటి. ఆళ్లందరు నాకంటె ముందుగాల పోతరని నాకేమెరుక!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ పాట కట్టింది ఆమె తల్లేనట. గొంతు పెద్దదని బిడ్డకు ప్రశ్నలు నేర్పి, జవాబులు ఎదురు వరుసవాళ్లకు పంచింది. ఆ తల్లికి ఒక ఫోటో కూడా లేదు. ఆమె మాట అంటూ మిగిలిందేదైనా ఉంటే ఆ జవాబే.

ఎదురు వరుసలో బతికి ఉన్నది యశోదమ్మ ఒక్కతే. నాదర్‌గుల్‌లో కూతురు సుశీల దగ్గర ఉంటుంది. మర్నాడే నాయనమ్మను నా ఆటోలో తీసుకుపోయాను. పెళ్లిచూపులకు పోతున్నట్టు కొత్త చీర కట్టింది, దారంతా గొంతు సవరించుకుంటూనే ఉంది.

యశోదమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు.

"నేను బిడ్డనన్న సంగతే యాదికి లేదు పెద్దమ్మా," అంది సుశీల.

నాయనమ్మ ఆమె ఎదురుగా చతికిలబడి పాట ఎత్తింది. యశోదమ్మ చేతులు కదిలాయి. ఎడమ చేతిలో నారుకట్ట ఉన్నట్టే పట్టుకుని, కుడిచేత్తో తన ఒళ్లో నాట్లు వేయసాగింది. గొంతు లేచింది. రాగం అచ్చం అదేనట, నాయనమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. కానీ మాటలు లేవు. ఊ... ఊ... అంతే.

పైన, ఆ ఊళ్లో పైలట్లకు నేర్పే చిన్న విమానం పోతోంది. ఆ మోత వల్లే మాటలు వినబడలేదని తప్పు దాని మీద వేసి, అది పోయాక మళ్లీ ఎత్తమన్నాను. మళ్లీ ఊ... ఊ... నాయనమ్మ ఆ రాగం వెంట పెదవులు కదిపింది, ఒక్క మాటైనా తగులుతుందేమోనని. సుశీల చాయ్ తెచ్చేదాకా కదుపుతూనే ఉంది.

తిరుగు దారిలో అద్దంలో చూస్తే కొంగు కొస నములుతూ కూర్చుంది. తిట్టకుండా కూర్చున్న నాయనమ్మ నాకు అలవాటు లేదు.

"ఫికర్ జెయ్యకు నాయినమ్మ. జవాబు నేను కడ్త. 'అస్తున్న బిడ్డా, బువ్వండు' అని పెడ్దాం. ఎవలికి దెలుస్తది?"

"నాకు దెల్వదా? నువ్వు మా యమ్మవారా? నోర్మూస్కొని బండి నడుపు."