డర్హమ్ వెళ్లొచ్చిన మా టీచరమ్మగారు

సోమవారం పొద్దున్నే స్కూలుకు బయలుదేరుతుంటే మా పనావిడ గేటు దగ్గరే చెప్పింది. "పక్కింటి టీచరమ్మగారు పోయారమ్మా." నిద్రలోనే పోయారట. మా ఇళ్లకు మధ్య ఉన్నది ఒక్క గోడే. నాకేమీ తెలియలేదు.

ప్రత్తిపాడు మిషన్ స్కూల్లో ఆమె నాకు ఇంగ్లీషు చెప్పారు. తర్వాత అదే స్కూల్లో నేనూ టీచర్నయ్యాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. వయసులో ఉండగా మిషన్ వాళ్లు ట్రైనింగుకని ఏడాదిపాటు ఇంగ్లండు పంపారు, డర్హమ్ అనే ఊరికి. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ ఊరి సంగతులు చెప్పేవారు. వేర్ నది ఒక గుట్టను మూడు పక్కలా చుట్టి పోతుందట. గుట్ట మీద వందల ఏళ్లనాటి కథీడ్రల్ అనే పెద్ద చర్చి, పక్కనే కోట. కింద రాతి వంతెనలు, ఎక్కుతుంటే ఆయాసం వచ్చే ఇరుకు వీధులు. చుట్టూ బొగ్గు గనుల పల్లెలు.

"అంత అందమైన ఊళ్లో ఎంత సంతోషంగా ఉండి ఉంటారో!" అన్నానొకసారి.

"నాలుగు నెలలు నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరమ్మాయ్."

చలికి తాళలేక రోజూ కథీడ్రల్లో కూర్చునేవారట. ఒకరోజు ఒక ముసలావిడ పక్కన కూర్చుని పేరడిగింది. ఆవిడ భర్త గనిలో పోయాడు. "బొగ్గుతో మా ఊరంతా నలుపే" అందట. "మా పొలాలూ నలుపేనండీ, పత్తి నేల" అన్నారట ఈమె. ఆనాటి నుంచి ఇద్దరూ రోజూ ఒకే బల్ల మీద కూర్చున్నారు.

తిరిగొచ్చాక ఏటా క్రిస్మస్‌కు ఆవిడ ఉత్తరం వచ్చేది. మూడేళ్ల కిందట ఆగిపోయింది. ఈమె మాత్రం రాస్తూనే ఉన్నారు. పోస్టు చేసేది నేనే.

"జవాబు రావట్లేదు కదండీ?"

"ఒకవేళ ఉంటే? ఒంటరి మనిషికి ఉత్తరం ఆగిపోకూడదమ్మాయ్."

పోయినేడు మా వీధి చివరింటికి టీవీ వచ్చింది. సాయంత్రాలు నేనూ అటే వెళ్లడం మొదలెట్టాను. ఆమె పోవడానికి ముందురోజు, ఆదివారం, గోడ మీదుగా పిలిచారు. "కాసేపు కూర్చుని పో, అమ్మాయ్."

"సినిమా మొదలవుతుందండీ. రేపొస్తాను."

"సరే, వెళ్లిరా" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

సమాధుల తోటకు కొద్దిమంది టీచర్లమే వెళ్లాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాక, పొలాల నుంచి పదిమంది దాకా కూలి ఆడవాళ్లు వచ్చారు. వాళ్లకు సంతకం నేర్పింది ఆమేనని నాకప్పుడే తెలిసింది. పొద్దుట్నుంచీ మిరపకాయలు కోసిన చేతులు. కళ్లకు తగిలితే మంట. అందుకని చేతులు దూరంగా పెట్టుకుని, తలలు వంచి, భుజాలకేసి కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు.